నిఘంటువు పారాయణం

గద్వాల దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్ బడి నుంచి ఆ మధ్య ఫోనొచ్చింది. మాట్లాడింది అక్కడి ఇంగ్లీషు టీచరు, చిన్న వయసు, గొంతులో భయం ఇంకా పోలేదు. "మేడం, మా పిల్లలకు డిక్షనరీ ఎట్ల వాడాల్నో జర వచ్చి చెప్తరా? నేను చెప్తే ఇంటలేరు" అంది. నేను ఇంగ్లీషు టీచరుగా రిటైరై వనపర్తిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. నన్నెవరూ దేనికీ పిలవడం లేదు. అందుకని ఆ అమ్మాయి మాట పూర్తికాకముందే వస్తానన్నాను. ఫోను పెట్టేశాక సిగ్గేసింది, కాసేపైనా బెట్టు చేయాల్సింది. పొద్దున పాలు పోసే మనిషితో రెండు మాటలు, సాయంత్రం టీవీలో వార్తలు చదివేవాళ్లు చెప్పే నాలుగు మాటలు, మధ్యలో నా ఇంట్లో మాటన్నదే పుట్టదు. పెళ్లి మొదట్లో కుదరలేదు, తర్వాత కుదుర్చుకోవాలని నాకే అనిపించలేదు. దానికి చింత లేదు గానీ, పెద్దమందడిలో మొదలుపెట్టి నాగర్‌కర్నూల్లో దిగిపోయేదాకా పిల్లలకు మాటలు నేర్పి నేర్పి, చివరికి మాట్లాడటానికి మనిషి లేకుండా కూర్చోవడం మాత్రం నాకు నచ్చలేదు.

పిల్లలకు చూపిద్దామని బీరువా అడుగు అరలోంచి నా పాత డిక్షనరీ తీశాను. ఇంగ్లీషు మాటకు తెలుగు అర్థాలిచ్చే లావుపాటి పుస్తకం. అట్ట ఊడిపోతే నాయిన సిమెంటు సంచి కాగితంతో వేసిన అట్ట ఇంకా అట్లాగే ఉంది. తెరవగానే కర్పూరం, వేపాకు, మసిపట్టిన దూలం, మూడూ కలిసిన వాసన వచ్చింది. అది మా తాత వాసన. మొదటి పేజీ మీద కుంకుమ మరక. డిక్షనరీకి బొట్టేమిటని నా స్నేహితురాళ్లు నవ్వేవాళ్లు. నేను పేజీలు తిప్పుకుంటూ 'ఎస్' అక్షరం దాకా పోయాను. అక్కడ ఒక వేపాకు ఉంది, ఎండి, కాగితానికే అంటుకుపోయి. దాన్ని తాకకుండా పుస్తకం మూసేశాను. ఎన్ని ఇళ్లు మారినా, ఆ పుస్తకంలో ఎన్ని వేల మాటలు వెతుక్కున్నా, ఆ ఆకు మాత్రం నేను కదపలేదు. ఎందుకో చెప్పాలంటే మా ఊరికి పోవాలి.

మా ఊరు వడ్డేపల్లి అవతల, ఎర్రనేలల మీద. వానొస్తే జొన్న, పల్లీలు, రాకుంటే బొంబాయి. దసరా వెళ్లగానే గుంపు మేస్త్రి, అంటే కూలీలను జమచేసి పట్నాలలో సైట్లకు తోలుకుపోయే మనిషి, లారీ తెచ్చి ఊరి బయట ఆపేవాడు. దానికి ముందు రెండు మూడు దినాలు ఊరంతా జొన్నరొట్టెల వాసనే. దారిలోనూ, పోయాక మొదటి వారమూ తినడానికి అమ్మ రొట్టెలను అప్పడాల్లా గట్టిపడేదాకా కాల్చి గుడ్డలో మూట కట్టేది. ఆ వాసన వస్తే మిగతా పిల్లలు ఆకలి అనేవాళ్లు, నేను మాత్రం దొడ్లోకి పోయి కూర్చునేదాన్ని. ఇప్పటికీ ఎవరింట్లోనైనా రొట్టె మాడితే నాకు ఎవరో ఊరు విడిచి పోతున్నట్టే ఉంటుంది. లారీ పోయిన మర్నాడు ఊళ్లో ముసలివాళ్లూ, బడి పిల్లలూ, కుక్కలూ మిగిలేవాళ్లం. కొన్నాళ్లు కుక్కలు కూడా బువ్వ పెట్టిన చేతులను వెతుక్కుంటూ లారీ ఆగిన చోటికి పోయి నిలబడేవి.

మా ఇంట్లో మిగిలేది తాతా నేనూ. తాత మా నాయినకు నాయిన. అవ్వ నేను పుట్టకముందే పోయింది. తాత పొద్దున్నే వేపపుల్ల నములుతూ దొడ్డి చుట్టి వచ్చి, చన్నీళ్లు పోసుకుని, విభూతి పెట్టుకుని, నాకు రొట్టె చేసిపెట్టేవాడు. మగవాడు చేసిన రొట్టె కదా, ఒక పక్క మందంగా, ఒక పక్క పలుచగా ఉండేది. పుంటికూర పప్పు, అదే గోంగూర పప్పు, మాత్రం అమ్మకంటే బాగా చేసేవాడు, అమ్మ వినకుండా చూసుకుని ఆ మాట అనేదాన్ని. చిన్నప్పుడు అలంపూర్లో ఒక పంతులు దగ్గర తెలుగు చదవడం నేర్చుకున్నాడట. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని పురాణం చదివేవాడు. వలసపోయిన వాళ్ల కోసం మా ఊళ్లో మిగిలినవాళ్లు మొక్కుగా ఏదో ఒకటి పట్టేవాళ్లు. ఒకామె శనివారం ఒక్కపూట, ఒకామె గుడిలో దీపం. తాత పారాయణం పట్టేవాడు. మొదలుపెట్టేముందు పుస్తకానికి బొట్టు పెట్టి, కండ్లు మూసుకుని, "మా అంజిలయ్య, మా లచ్చమ్మ యాడుంటే ఆడ సల్లగుండాలె" అనుకునేవాడు. వాళ్లు మా అమ్మానాయినలు. పట్టిన పారాయణం నడుమ ఆపకూడదు, అది నియమం. ఏ రోజు ఆపిన చోట ఆ రోజు వేపాకు పెట్టాలి.

నేను పదో తరగతికి వచ్చిన ఏడు నాయిన సైటు నుంచి వస్తూ ఆ డిక్షనరీ తెచ్చాడు. ఏదో ఫుట్‌పాత్ మీద కొన్నాడు. ఇంగ్లీషు పరీక్ష గండం అని అందరూ అనగా విన్నాడు. తిరిగి పోయేముందు నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, "ఇగ జూడు జములమ్మా. పాసయితవా, ఎంతదాంక సదివితే గంతదాంక సదివిస్త. ఫెయిలయితివా, వచ్చేసారి మాతోటి సైటుకు రావాలె. గుంపుల వంటకు మనిషి లేక మేస్త్రి పరేషాన్ చేస్తుండు" అన్నాడు. బెదిరించడానికి అన్నమాట కాదది. నాకంటే పెద్ద పిల్లలు ఇద్దరు ముగ్గురు అట్లాగే పోయి గుంపుకు వండి పెడుతున్నారు. అమ్మ రొట్టెల మూటకు ఇంకో ముడి వేసింది. లారీ పోయింది. ఆ సాయంత్రం తాత పురాణం తీయలేదు. నా డిక్షనరీని చేతిలో పెట్టుకుని బరువు చూశాడు. "పురాణమైతే నెలకు ఒడుస్తది. ఆల్లు ఉగాది దాటినంక గాని రారు. గిదైతే మస్తు దినాలొస్తది. మీ నాయిన కట్టంతోని వచ్చిన పుస్తకం, ఆయన పేరు మీద గిదే పడదం" అన్నాడు.

నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. మా ఇంట్లో పుస్తకమంటే మొదటి పేజీలో దండం పెట్టి మొదలుపెట్టేది, చివరి పేజీలో దండం పెట్టి ముగించేది. నడుమ తెరవడం ఒక్క శకునం చూడ్డానికే. కాబట్టి డిక్షనరీకి పసుపు రాసి బొట్టు పెట్టాం. నేను ఇంగ్లీషు మాట చదివేదాన్ని, తాత పక్కనున్న తెలుగు అర్థం రాగంతో చదివేవాడు. మొట్టమొదటి మాటకు అర్థం 'ఒక' అని ఉంటే, "ఒకటితోనే షురువయింది, మంచిదే" అని సంతోషపడ్డాడు. కాస్త కిందికి రాగానే 'విడిచిపెట్టుట' అని వచ్చింది. అది గొంతు బాగా తగ్గించి, పెదాలతోనే చదివి దాటేశాడు. తాత పద్ధతి అది. మంచి మాటలు వీధి చివరికి వినిపించేటట్టు చదివేవాడు, చెడ్డ మాటలు దేవుడికి కూడా సరిగ్గా వినపడకుండా చదివేవాడు. 'కడుపు' అని గట్టిగా, 'కడుపునొప్పి' అని మెల్లగా. పేజీ అయ్యాక నాకు పుట్నాలూ బెల్లమూ ప్రసాదం. మా వీధిలో వినేవాళ్లంతా లారీ ఎక్కిపోయారు కాబట్టి మా పారాయణానికి శ్రోతలు లేరు. ఒకరికి ఒకరం మేమే. చీకటి పడే వేళ అమ్మ గుర్తొచ్చి లారీ పోయిన దారి వైపు చూస్తుండేదాన్ని. ఆ రాగం మొదలైతే చూపు మళ్లీ పుస్తకం మీదికి వచ్చేది.

ఇంత భక్తిగా చదివిన నేను అర్ధ సంవత్సర పరీక్షలో ఇంగ్లీషు ఫెయిలయ్యాను. చదవేస్తే ఉన్నమతి పోయినట్టుంది అని మా ఇంగ్లీషు సారు నా పేపరు ఇస్తూ అన్నాడు. ఆయన గద్వాల నుంచి పొద్దుటి బస్సుకు వచ్చేవాడు, చొక్కా జేబు ఎప్పుడూ సుద్దముక్కలతో తెల్లగా ఉండేది. అదే రోజు పాఠంలో ఒక వితంతువు దుఃఖాన్ని ఎట్లా భరించిందో రాసి ఉంది. భరించిందన్న చోట 'బోర్' అనే మాట. సారు అర్థం అడిగితే నేను లేచి, పరువు నిలబెట్టుకుందామని, "ఆమె దుఃఖానికి బోరు ఏసింది సార్" అన్నాను. తరగతి తరగతంతా నవ్వింది. అక్కడ కూర్చున్న ప్రతివాళ్ల నాయినా చేనులో బోరు వేసి, నీళ్లు పడక, వలస పోయినవాడే. సారు కూడా నవ్వాడు గానీ వెంటనే ఆపుకున్నాడు. బడి వదిలాక నన్ను ఉండమని, పుస్తకం తెప్పించి, అక్కడా ఇక్కడా మాటలు అడిగాడు. 'సి' అక్షరం చివరిదాకా అడిగినవాటికి అర్థాలు గడగడా చెప్పాను, రాగం కూడా కొంచెం వచ్చింది. 'డి' నుంచి ఒక్కటీ తెలియదు. సారు కుర్చీలో వెనక్కి వాలి, "యాడిదాంక సదివినవు?" అన్నాడు. "ఆకు పెట్టినకాడిదాంక సార్" అన్నాను.

విషయమంతా చెప్పాను. సారు ఈసారి నవ్వలేదు. "సూడు బిడ్డా, గిది సదివేది గాదు, అడిగేది" అన్నాడు. ఆ వారమంతా బడి వదిలాక, బస్సు వచ్చేదాకా, ఎట్లా అడగాలో నేర్పాడు. మాట తెలియదని కనబడగానే పుస్తకం మీద పడొద్దన్నాడు. ముందు పేరా మొత్తం చదువు, కొన్ని మాటలు వాటంతట అవే తెలుస్తాయి. తెలియకుండా మిగిలినదానికి, ఇదై ఉంటుందని నువ్వే ఒక అర్థం అనుకో, అప్పుడు తెరువు. ప్రతి పేజీ నెత్తి మీద ఆ పేజీలోని మొదటి మాటా చివరి మాటా ఉంటాయి, వాటిని చూస్తూ పో, ఒక్కొక్క పేజీ తిప్పకు. 'బోర్' లాంటిది దొరికినా కుదరకపోతే, అది వేరే మాటకు, ఇక్కడ 'బేర్'కు, జరిగిపోయిన కాలపు రూపమేమో చూడు. మొదటి అర్థం దగ్గర ఆగొద్దు, చివరిదాకా చదువు. ఏ ఎండకా గొడుగు పట్టేదే మాట గుణం. దొరికిన అర్థాన్ని తీసుకుపోయి వాక్యంలో కూర్చోబెట్టి చూడు, కూర్చుంటే సరే, కాలు బయటికి వస్తే ఇంకోటి చూడు. అన్నిటికంటే ముఖ్యం, పొద్దుగూకేలోపల ఆ మాట పెట్టి నీ ఇంటి సంగతి ఏదైనా ఒక వాక్యం చెప్పు. నేను చెప్పిన మొదటి వాక్యం, మా అమ్మ ఇటుకల బరువు భరిస్తుంది, అని. సారు బాగుందని తల ఊపి కిటికీలోంచి బస్సు వస్తున్నదేమో చూశాడు.

ఇంటికి వచ్చి తాతకు చెప్పడమే కష్టమైంది. ఇట్లా అడుక్కుంటూ పోతే పారాయణం సాగదు. ఇంక పరీక్షలకు ఎక్కువ రోజులు లేవు, సాయంత్రాలన్నీ పాఠానికే కావాలి. పారాయణం ఆపితే? ఆ ఏడు గుంపు పని చేస్తున్నది అంతకు ముందులాగా కాలువ పని కాదు, మిద్దె మీద మిద్దెగా లేచే బిల్డింగు. అది తాతకూ తెలుసు, నాకూ తెలుసు. తాత వేపపుల్లతో నేల మీద గీతలు గీశాడు. చివరికి, "అంటే, శకునం అడిగినట్టన్నట్టు" అన్నాడు. అవునన్నాను. "గట్లయితే మీ సారు చెప్పింది నిజమే. శకునం అడిగేటోడు ముందుగాల మనసుల ఒకటి అనుకోవాలె. అనుకోకుంట తెరిస్తే ఎన్ని చెప్పినా చెవికెక్కదు. ఇంగొకటి, అడిగినదే మల్ల అడుగొద్దు. దేవునికి కోపమొస్తది." ఆ చివరి మాట నాకు బాగా పనికొచ్చింది. వెతికిన మాట పక్కన పెన్సిలుతో చుక్క పెట్టేదాన్ని. మళ్లీ అదే మాటకు వచ్చి చుక్క కనబడితే తాత చూశాడేమోనని భయమేసేది. తర్వాత నా విద్యార్థులందరికీ ఆ చుక్క నేర్పాను, దేవుడి కోపం సంగతి చెప్పలేదు.

మరి పారాయణం? "నువ్వు పొద్దుగూకినంక పని చేసుకో. నువ్వు బడికి పోయినంక నేను సదువుత" అన్నాడు తాత. ఆయనకు ఇంగ్లీషు అక్షరం రాదు. తెలుగు పక్క మాత్రం చదువుతానన్నాడు. మాట ఏదో తెలియకుండా అర్థాలు మాత్రం చదవడం ఏం పారాయణమని నేను అనబోయి ఊరుకున్నాను. నేను ఆ వేళకు పుస్తకం ఇంట్లో విడిచిపోవాలి, అంతే. బడిలో తెలియని మాటలను అరచేతి మీద పెన్నుతో రాసుకుని, చెమటకు చెదిరిపోకుండా పిడికిలి తెరిచే ఇంటికి నడిచి వచ్చేదాన్ని. సాయంత్రం బల్బు కింద నేను, నా పాఠం, నా డిక్షనరీ. తాత గడప అవతల అరుగు మీద. రాగం లేదు, పుట్నాలు లేవు. నాకు మాటలు వస్తున్నాయి, ఒక్కొక్కటే నా చేతికి చిక్కుతుంటే అదొక గర్వం. కానీ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అర్థం కోసం పుస్తకాన్ని అడగడం నేర్చుకున్నాక నాకు తాతను అడిగే పని లేకుండా పోయింది. ఆయన అరుగు మీద నుంచి ఒకటి రెండుసార్లు "ఏమన్న దొరికిందా?" అనేవాడు. "ఆఁ, దొరికింది" అనేదాన్ని. అంతే. రోజూ వేపాకు మాత్రం పచ్చది ఉండేది, నిన్నటి చోటు నుంచి కొంచెం ముందుకు జరిగి.

అప్పుడే ఊళ్లోకి ఒక కబురు వచ్చింది. గుంపులో ఎవరో పై నుంచి పడ్డారని. ఎవరో తెలియదు. వడ్డేపల్లిలో ఒక దుకాణంలో ఫోనుండేది, అక్కడికి ఎవరో చేస్తే, ఎవరో విని, నోట నోట మా ఊరికి వచ్చేసరికి పేరు రాలిపోయింది. తాత పొద్దున్నే వడ్డేపల్లికి నడిచిపోయి, లైను కలవక తిరిగి వచ్చాడు. "బడికి పో. ఈడ కూసొని ఏం జేస్తవు" అన్నాడు. పోయాను, ఉండలేకపోయాను. మధ్యాహ్నానికే సారును అడిగి వచ్చేశాను. మా వీధి మలుపు తిరగ్గానే తాత గొంతు వినిపించింది. వీధిలో నరమానవుడు లేడు. తలుపులన్నీ తాళాలు. ఆ తాళాల మధ్య తాత ఒక్కడూ అరుగు మీద కూర్చుని, డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని, రాగం తీసి చదువుతున్నాడు. "గొర్రెపిల్ల." అది గట్టిగా. "కుంటివాడు. విలపించుట." అవి పెదాల మీదే పోయాయి. "దీపము." వీధి చివర దాకా. "ఈటె. నేల, భూమి. సందు. భాష. లాంతరు. ఒడి." చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు, తుడుచుకుంటే రాగం ఆగుతుందని కాబోలు. నేను అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాను. అంత ఒంటరి మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. తర్వాత అద్దంలో చూశానేమో.

పోయి పక్కన కూర్చున్నాను. తాత పుస్తకం నా వైపు కొంచెం జరిపాడు. నేను ఇంగ్లీషు మాట, తాత తెలుగు అర్థం, మునుపటిలాగా. పరీక్ష, సైటు, గుంపుకు వంట, అన్నీ మరిచిపోయి పొద్దుగూకేదాకా చదివాం. దీపాల వేళకు వడ్డేపల్లి నుంచి సైకిలు మీద మనిషొచ్చి, పడింది పక్కూరి మనిషని, కాలు విరిగిందని, దవాఖానలో ఉన్నాడని, మా వాళ్లంతా బాగున్నారని చెప్పాడు. తాత పుస్తకానికి దండం పెట్టాడు. తర్వాత, "ఆ పక్కూరోని పేరేంది?" అని అడిగాడు. సైకిలు మనిషి తెల్వదన్నాడు. "పేరు తెల్వకుంటే ఏమాయె. ఎవలైనా సరే, యాడుంటే ఆడ సల్లగుండాలె" అని ఇంకో పేజీ చదివి ఆకు పెట్టాడు.

నేను పాసయ్యాను. ఇంగ్లీషులో గొప్ప మార్కులేమీ కావు, గుడ్డికన్నా మెల్ల నయం. ఎండాకాలంలో అమ్మానాయినలు క్షేమంగా వచ్చారు. నాయిన మాట తప్పలేదు, వనపర్తిలో కాలేజీలో చేర్చి హాస్టల్లో పెడతానన్నాడు. బయలుదేరే రోజు ట్రంకు పెట్టె సర్దుతుంటే తాత డిక్షనరీ తెచ్చి బట్టల మీద పెట్టాడు. అప్పటికి 'ఎస్'లో ఉన్నాడు. నీ పారాయణం కాలేదు కదా, ఉంచుకో, అన్నాను. "ఆల్లు మంచిగనే వచ్చిండ్రు గద. ఇగ మిగిలింది, మల్ల ఎవలన్న పోయినప్పటికి పనికొస్తది. అంతా ఒక్కసారే ఒడగొట్టుకుంటరా?" అన్నాడు. విత్తనాలు దాచుకున్నట్టే మాట్లాడాడు. తర్వాతి ఏడు అమ్మ మోకాళ్లు పట్టేసి సైటుకు పోలేకపోయింది, నాయిన ఒక్కడు పోతే తాత మళ్లీ పురాణమే పట్టాడు, నాయిన మధ్యలోనే వచ్చేశాడు, నేను ఉద్యోగంలో చేరాక ఆ అవసరమే రాలేదు. తాత ఒక వానాకాలం పోయాడు. మిగిలిన పేజీలు మిగిలే ఉన్నాయి.

గద్వాల దగ్గరి ఆ హాస్టల్ బడిలో నేను ఇవన్నీ చెప్పలేదు. మాటలు ఎట్లా వెతకాలో చెప్పాను. ఇప్పటి పిల్లలు కదా, నన్నే వింతగా చూశారు. "మేడం, ఫోన్ల కొడితే వస్తది గద" అంది ఒకతె. వస్తుంది, నేనూ కొడతాను, నా కండ్లకు ఆ చిన్న అక్షరాలు కనబడవు కాబట్టి పెద్దవి చేసుకుని మరీ చూస్తాను. కాకపోతే ఫోను అడిగిందే చెప్పి మూసుకుంటుంది, పక్కింటివాళ్లను పరిచయం చేయదు. ముందు ఒక అర్థం అనుకునే సందు కూడా ఇవ్వదు. మేము ఒక మాటకు పోయి దారిలో నాలుగు మాటలతో పలకరింపులు చేసి వచ్చేవాళ్లం. ఇట్లా చెబుతూ పుస్తకం వాళ్ల మధ్యకు పంపాను. చేతులు మారి మారి వెనక బెంచీ దాకా పోయింది. అక్కడ ఒక బక్కపల్చటి పిల్ల లేచి, "మేడం, గీ ఆకు ఏంది?" అంది. అప్పుడు చెప్పాల్సి వచ్చింది. తాత సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాను. కొందరు నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. "మిగిలినయి ఇంగ ఎవలు సదువలేదా మేడం?" అంది. లేదన్నాను. "మా అమ్మోల్లు పూణెకు పోయిండ్రు" అంది, అడగకుండానే, పుస్తకం మూస్తూ. ఆకు ఊడకుండా మెల్లగా మూసింది. ఇంతలో బువ్వ గంట కొట్టారు. పిల్లలు పళ్లేలతో ఒక్క ఉరుకున పోయారు, అందులో ఆమె ఏమైందో తెలియలేదు. పేరడిగే లోపలే పోయింది.

బస్సు బీచుపల్లి వంతెన దాటుతుంటే కృష్ణలో నీళ్లు పలచగా, అక్కడక్కడ బండలు తేలి ఉన్నాయి. నా పక్క సీటు ఖాళీ, దాని మీద సంచిలో డిక్షనరీ. ఇంటికొచ్చి తాళం తీసి, కాళ్లు కడుక్కున్నాను. టీవీ పెట్టలేదు. పెరట్లో వేపచెట్టు లేదు, పక్కవాళ్ల కొమ్మ గోడ మీదికి వంగితే ఒక ఆకు తుంపుకొచ్చాను. పుస్తకానికి బొట్టు పెట్టాను, అది పాత మరక పక్కన పడింది. కండ్లు మూసుకున్నాక పేర్లు చెప్పాలి కదా. నాకు పేరు చెప్పుకోవాల్సిన వాళ్లు ఇంక ఎవరూ లేరు. అది అంతకు ముందు ఎన్నడూ అంత సూటిగా నాకు తెలియలేదు, ఏడుపొచ్చింది. ఆ పిల్ల తల్లిదండ్రుల పేర్లూ తెలియవు. చివరికి తాత అన్న మాటే పైకి అన్నాను, "ఎవలైనా సరే, యాడుంటే ఆడ సల్లగుండాలె." ఖాళీ ఇంట్లో నా గొంతు ఎవరిదో అనిపించింది. పాత ఆకును పక్కన పెట్టి, దాని కింద నుంచి, ఇంగ్లీషు పక్క చూడకుండా మొదలుపెట్టాను. 'జల్లెడ' అని గట్టిగా చదివాను. 'జల్లించుట.' 'నిట్టూర్పు' దగ్గర తాతలాగే గొంతు తగ్గించాను. 'చూపు' అన్నది మాత్రం వీధి చివరికి వినిపించేటట్టు చదివాను.